కొంగు మీద చివరి పోస్టు

ధర్మవరంలో తెల్లవారుతూనే మగ్గాల చప్పుడు మొదలవుతుంది. కేశవ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే, అతని భార్య సువర్ణ పట్టుపోగు కండెలకు చుట్టి, అన్నం వండి, క్యారియర్ కట్టుకుని డిగ్రీ కాలేజీకి పోయేది. పదో తరగతితో ఆగిన చదువును ఇంటర్ ప్రైవేటుగా గట్టెక్కించి ముప్పై ఆరేళ్లకు మళ్లీ పట్టుకుంది. క్లాసులో పిల్లలందరికీ ఆమె అక్కే, లెక్చరర్ ప్రశాంతికి కూడా.

ప్రశాంతి మేడం తన విద్యార్థులందరికీ కలిపి ఒక బ్లాగు పెట్టింది. ప్రతివారం నేర్చుకున్నది అందులో రాయాలి. సువర్ణ మధ్యాహ్నం ఫోనులో రాసి పోస్టు చేస్తే, సాయంత్రానికి అవే మాటలు కేశవ నేస్తున్న చీరలో జరీ అక్షరాలై తేలేవి. ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. వాన పడ్డ రోజు పోగు సాగుతుంది, చదివే మనిషి ఉన్న ఇంట్లో అక్షరాలు పడతాయి, అంతే.

గొడవంతా సావుకారు బయ్యన్నతోనే. పట్టు, జరీ ఇచ్చి నేయించుకునేది ఆయన. "మీ పాఠాలు ఎవరు కట్టుకుంటారప్పా?" అని రెండు చీరలు వెనక్కి పంపాడు.

అప్పుడు సువర్ణ ఒక సంగతి కనిపెట్టింది. మనసులో లేనిది రాస్తే చీర మీద ఏమీ పడదు. "ఈ వారం ఎంతో నేర్చుకున్నాను. గ్రూప్ వర్క్ చాలా నచ్చింది" అని రాసింది. చీర మగ్గం మీంచి శుభ్రంగా దిగింది. మేడం "సూపర్ అక్కా" అని కామెంటు పెట్టింది. ఇక ఏడాదంతా అబద్ధాలే, మార్కులకు మాత్రం లోటు లేదు.

ఆఖరి పోస్టుకు మేడం ఇచ్చిన ప్రశ్న: ఈ బ్లాగు వల్ల మీరేం నేర్చుకున్నారు? అప్పుడు మగ్గం మీద సోమందేపల్లె నాయకుడి కూతురు నందిని పెళ్లిచీర ఉంది. కొంగు దాకా వచ్చింది.

"ఇది గూడా వెనక్కొస్తే బయ్యన్న ఇంక పట్టు ఇయ్యడంట. మగ్గం ఆగితే నీ కాలేజీ గూడా ఆగిపోతాది. ఎప్పుడూ రాసినట్టే రాసెయ్" అన్నాడు కేశవ.

"అట్లే రాస్తాలే."

పాతవాటిలోంచి నాలుగు ముక్కలు ఏరుకుందామని తన పోస్టులన్నీ వరసగా చదివింది. పైన తన పేరుంది గానీ లోపల తాను ఎక్కడా లేదు. ఒళ్లు మండిపోయింది. మగ్గం సంగతి మరిచిపోయి కాదు, తెలిసే రాసింది.

"పదో తరగతిలో మా స్కూలుకు నేనే ఫస్టు. చదువు రాదని నన్నెవరూ అనలేదు, నీకెందుకన్నారు. ఇన్నేళ్లకు వచ్చి ఇక్కడా అబద్ధాలే రాశాను, బాగుందన్నారు. నేను నేర్చుకున్నది ఇదే."

సాయంత్రానికి కొంగంతా మెరుస్తోంది. కేశవ కూడబలుక్కుని చదివి, "ఎంత పని చేసినావే!" అని తల పట్టుకున్నాడు. ఇంతలో బయ్యన్న కారు వచ్చింది. ముహూర్తం దగ్గరపడిందని, కేశవ కోసి మడిచిన చీరను విప్పి చూడకుండానే పట్టుకుపోయాడు.

మూడోనాడు బయ్యన్నతో పాటే చీర తిరిగొచ్చింది.

"నీ పెండ్లాం రాతలు చదివి ఆ పిల్ల పెండ్లి వద్దనింది కదప్పా! చదువుకున్నాకే అంట. తలుపేసుకొని కూచున్నాది. ఇంక నా గడప తొక్కొద్దు."

ఊళ్లో ఇంకే సావుకారూ పట్టు ఇవ్వలేదు. పరీక్షలకు ముందే ఇద్దరూ తాడిపత్రి చేరి, బండలు పాలిష్ పట్టే యూనిట్‌లో పనికి కుదిరారు.

వానాకాలంలో ఒక మధ్యాహ్నం, అన్నం తిన్నాక సువర్ణ బ్లాగు తెరిచింది. కొత్తగా చేరిన నందిని మొదటి పోస్టు కనిపించింది. "నన్ను ఈ కాలేజీకి తెచ్చింది ఒక చీర కొంగు. అది రాసిన అక్క పక్కన కూర్చుని చదువుకోవాలనుంది. ఎవరో తెలిస్తే చెప్పండి."

సువర్ణ వేళ్లకున్న బండపొడి తుడుచుకుని "నేనేనమ్మా" అని కామెంటు పెట్టబోయింది. పరీక్షలు రాయలేదని క్లాసులో పేరు కొట్టేశారు, దాంతోపాటే ఆమె పోస్టులూ పోయాయి. కామెంటుకు బ్లాగు ఒప్పుకోలేదు.

"ఏముండాది దాంట్లో?" అన్నాడు కేశవ.

"మన చీర చదివి ఒకామె కాలేజీకి పోతాండాది."

"ఎవురు?"

"నేను కాదు."