మూడోది తీసెయ్

"పియానో కాడికి పోతవు సరే, చారు పోపేసి పో," అన్నది అత్త రాములవ్వ.

అమృతమ్మ పోపు వేసింది. పోపే కాదు, అన్నం వార్చింది, పచ్చడి నూరింది, సాయంత్రం కచేరీకి వచ్చేవాళ్లకు పెట్టాల్సిన గారెలకు పప్పు కూడా రుబ్బింది. తన కచేరీకి తానే ఫలహారాలు చేసుకునే విద్వాంసురాలు హైదరాబాదు మొత్తం వెతికినా ఇంకొకతె దొరకదు! చారు మరుగుతుంటే ఆమె వేళ్లు మాత్రం పొయ్యిగట్టు మీద, కచేరీలో వాయించాల్సిన మూడు పియానో రచనల్లో చివరిదైన మూడో సొనాటా వాయించుకుంటున్నాయి.

తార్నాకలోని వాళ్ల ఇంటి నుంచి యూనివర్సిటీ హాలు నడిచిపోయేంత దూరమే. అక్కడ ఈరోజు ఆమె ఒక్కతే బీథోవెన్ సొనాటాలు మూడు వాయించబోతోంది. అతను పడుచుతనంలో రాసినదొకటి, నడివయసులో రాసినదొకటి, చెవులు పూర్తిగా వినబడకుండా పోయాక రాసినదొకటి. ఒకే మనిషి ఎట్లా మారుతూ పోయాడో వినిపించాలని ఆమె పట్టుదల. మిషన్ బోర్డింగ్ బడిలో దొరసాని దగ్గర పట్టుబట్టి నేర్చుకున్న విద్య, పెళ్లయ్యాక చర్చిలో పాటల వెనక వాయించడానికే సరిపోయింది. అక్కడ ఒక పద్ధతుంది. సంఘపెద్ద లేచి నిలబడితే చాలు, పాట ఎక్కడున్నా ముగించేయాలి. ఆ సంఘపెద్ద ఆమె భర్త దానియేలే. ఏళ్ల తరబడి ఆయన లేవడం, ఆమె చేతులు ఒళ్లోకి రావడం.

యూనివర్సిటీలో లెక్చరరైన ఆయన వారం రోజులుగా ఒకటే పోరు. "మూడోది తీసెయ్ అమృతా. మొదటిది తియ్యగున్నది, రెండోదాంట్ల జోరున్నది. గా మూడోది ఏంది? జర్ర సేపు ఆగుతది, జర్ర సేపు కొట్లాడుతది. ఎవరికి సమజైతది? ప్రొఫెసర్ల ముందు నా ఇజ్జత్ పోతది."

ఆమె జవాబు చెప్పలేదు. చెప్పకపోతే ఒప్పుకున్నట్టేనని ఆ ఇంట్లో లెక్క. కొత్తలో ఆమెకూ మూడోది కొరుకుడు పడలేదు. ఎవరి మెప్పూ అక్కర్లేని మనిషి రాసుకున్నదని ఈమధ్యే, బట్టలు పిండుతుంటే తట్టింది. అప్పటినుంచి అది తన సొంతమనిపించింది.

హాలు నిండింది. మొదటిదానికి తలలు ఊగాయి. రెండోది ఉరుములా ముగిసేసరికి చప్పట్లు మోగిపోయాయి. ఆ చప్పట్లు ఆగకముందే దానియేలు లేచి, పియానో పక్కనున్న మైకు ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"పెద్దలందరికీ వందనాలు. బయట టీ, గారెలు..."

అమృతమ్మ చేతులు వాటంతటవే ఒళ్లోకి వచ్చి పడ్డాయి. వాటిని చూసుకునేసరికి ఆమెకు ఒళ్లు మండింది. ఆయన మీద కంటే ఆ చేతుల మీద ఎక్కువ కోపమొచ్చింది. తీసి మళ్లీ పియానో మెట్ల మీద పెట్టింది.

"మీరు కూసోండి," అన్నది. మైకు ఆ మాటను హాలంతటికీ వినిపించింది. "నేను లేచినంక లేద్దురు."

దానియేలు కూర్చున్నాడు. ఆమె మూడోది మొదలుపెట్టింది.