హెల్మెట్ మీద చెయ్యి

గడ్డం కింద పట్టీ మరీ బిగుసుకుందేమో, వేలు పెట్టి చూశాను, దూరింది, బాగానే ఉంది, దీవెన మాత్రం చాల్లే మమ్మీ అంటోంది, ఎక్కడ చాలుతుంది, హెల్మెట్‌కి ఒక లైటు, బ్యాగులో ఇంకో రెండు, ఒకటి ఆరిపోతే ఇంకొకటి, గుహలోకి మొదటిసారి దిగేవాళ్లకి ఇవన్నీ ఉండాల్సిందేనని జయదేవ్ గారు మరీమరీ చెప్పారు, మోకాళ్లకి ప్యాడ్లు, గ్లవ్స్, జారని బూట్లు, మెడలో విజిల్, దీని పెళ్లికైనా ఇంత సరంజామా కొంటానో లేదో, భవానీపురం ఎండ అప్పుడే వరండాలోకొచ్చేసింది, జయదేవ్ గారు గేటు బయట కార్లోనే కూర్చున్నారు, మా ఆయన పోయినప్పట్నుంచీ లోపలికి రావడానికి ఆయనకి మొహం చెల్లదు.

పాపం ఆయనేం చేశాడు, ఆయనకీ మా ఆయనకీ కాలేజీ రోజుల నుంచీ గుహల పిచ్చి, సెలవు దొరికితే చాలు కర్నూలు వైపు కొండలే, ఆ రోజు కూడా ఇవే లైట్లు, ఇవే పట్టీలు, ఏదీ మర్చిపోలేదు, గుహలో కూర్చుని నేను కట్టిచ్చిన పులిహోర విప్పారట, మా ఆయన హెల్మెట్ తీసి ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారట, పైనుంచి రాయి, ఆసుపత్రి వరండాలో జయదేవ్ గారు నా మొహం చూడకుండా చెప్పారు, ప్రార్థనకేనండీ తీశాడు యేసుకుమార్, ఆమెన్ కూడా అనలేదండీ. మగవాళ్లు తల మీద ఏదీ లేకుండా ప్రార్థించాలి, మాకది అన్నం తిన్నంత మామూలు, బండి మీద వెళ్తూ అంబులెన్సు కనపడినా పక్కకి ఆపి, హెల్మెట్ తీసి, లోపలున్నవాళ్ల కోసం ప్రార్థించేవారు, వెనక హారన్లు మోగుతుంటే నాకు నవ్వొచ్చేది. ఇప్పుడు చర్చిలో ముసుగేసుకుని ఊరికే కూర్చుంటాను, ప్రభువా అనబుద్ధి కాదు, నీతో మాట్లాడుతున్న మనిషినే తీసుకుపోయావే అనడం తప్ప ఇంకేం అడగను.

మమ్మీ, తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చెయ్యవా, అంటూనే దీవెన చెయ్యి పట్టీ మీదికి పోయింది, విప్పబోతోంది, అచ్చం వాళ్ల నాన్నే, తీయకు అని అరిచాను, బెదిరిపోయి అలాగే నిలబడింది, మరి చున్నీ కప్పుకోవద్దా అంది, వెళ్లొద్దని ఒక్క మాటంటే ఆగిపోతుంది, నాకు తెలుసు, ఆ మాట నోటి దాకా వచ్చింది, కానీ నాన్న చూసింది నేనూ ఒక్కసారి చూడాలి మమ్మీ అని ఎన్నిసార్లు అడిగిందో, నేనెన్నిసార్లు వినపడనట్టు లేచిపోయానో.

నా కొంగు నా తల మీదికి వచ్చేసింది, చెయ్యి తనంతట తనే లాగింది, ఆడవాళ్లం కప్పుకునే ప్రార్థిస్తాం, అప్పుడు చూశాను, పిల్ల తల కూడా కప్పే ఉంది, ఇంతకంటే ముసుగేం కావాలి. నీకు చున్నీ అదేనే, లోపల ఎన్నిసార్లు ప్రార్థన చేసుకున్నా తీయకు అన్నాను, సరే అని తల వంచింది, చెయ్యి పెట్టాను, జుట్టు తగల్లేదు, ప్లాస్టిక్ చల్లగా తగిలింది, ప్రభువా అన్నాను, ఇన్నాళ్లకి, తర్వాత ఏడుపే వచ్చింది, చెయ్యి మాత్రం తీయలేదు, ఇంత గట్టి హెల్మెట్ అడ్డమున్నా ఈ పిల్ల కోసం నేను ఏడ్చేది దేవుడికి వినపడుతుందని నమ్ముతున్నాను కదా, అలాగైతే మా ఆయన మాట కూడా వినపడి ఉండేది, హెల్మెట్ తీయకపోయినా దేవుడు వినేవాడు.