ఖాళీగానే ఉన్నావుగా

"కాస్త బల్ల ఖాళీ చెయ్యి" అన్నాడు భర్త, కుర్చీ లాక్కుంటూ.

ఆమె అప్పుడే టీచరమ్మవీ, ఆవిడ చెల్లెలివీ జాకెట్టు ముక్కలు కత్తిరించి ఆ బల్ల మీద పరిచింది. రెండూ ఒకే గుడ్డ. అన్నీ గబగబా చుట్టి మంచం మీద పడేసి, బల్ల తుడిచి వడ్డించింది. తన కుట్టుకూలితో కొన్న బల్లే. అయినా ఎవరికి ఆకలేసినా ముందు లేవాల్సింది ఆమె పనే.

ఆ ఇంట్లో ఖాళీ అనే మాట ఆమెకొక్కదానికే వేరేగా వినిపిస్తుంది. ఆయనకు ఆఫీసుతో ఖాళీ దొరకదు, పాపం. అత్తగారి కడుపు ఖాళీగా ఉండకూడదు, మాత్రలు వేసుకోవాలి. ఆడపడుచు ఫోన్ చేస్తే మాత్రం, "మీ వదిన ఖాళీగానే ఉందిలే, పిల్లల్ని దింపి వెళ్ళు" అంటుంది అత్తగారు. మిషన్ తొక్కుతున్న మనిషి ఖాళీగా ఎలా కనిపిస్తుందో ఆమెకు ఎన్నటికీ బోధపడదు. ఒళ్ళు మండుతుంది. మండినా చేతులు వడ్డిస్తూనే ఉంటాయి.

మేడమీద గదిలో అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేసినప్పుడు, పని చేసుకోవడానికి అది తనకిమ్మని అడిగింది. "ప్రత్యేకంగా గదెందుకు? ఇల్లంతా నీదేగా" అన్నాడాయన. ఊరికే ఖాళీగా ఉంచడం దేనికని, పాత మంచాలు అందులో పడేద్దామన్నాడు.

ఆ వారంలోనే టీచరమ్మ వచ్చి జాకెట్టు తొడుక్కుని చూసుకుంది. చంక దగ్గర పట్టేస్తోంది. "ఇదేంటమ్మా, రెండూ ఎడమ చేతులే కుట్టావు?" అని నవ్వేసింది. కుడిచేతులు రెండూ చెల్లెలి జాకెట్టుకు పోయాయి. ఆ రోజు బల్ల మీంచి చుట్టి పడేయడంలో ముక్కలు కలిసిపోయాయి. ఇన్నేళ్ళలో ఒక్క కుట్టుకూ మాట పడని మనిషికి తల కొట్టేసినట్టయింది. ఆ రెండు జాకెట్లూ విప్పుతూ కూర్చుంటే కోపం ఎవరి మీదో తెలిసొచ్చింది.

మర్నాడు ఆయన ఆఫీసుకు వెళ్ళాక పక్కింటావిడను సాయం పిలిచింది. ఇద్దరూ కలిసి మిషన్‌ను ఆగి ఆగి మెట్లెక్కించారు. ఆ తర్వాత బల్ల కాళ్ళు విప్పి అదీ ఎక్కించారు. అత్తగారు అడ్డుపడబోయి, ఆమె ముఖం చూసి పక్కకు తప్పుకుంది.

సాయంత్రం వంట చేసి, గిన్నెలు వంటగట్టు మీద మూతపెట్టి, పైకి వెళ్ళిపోయింది.

ఆయన వచ్చి కాళ్ళు కడుక్కుని, అలవాటుగా కుర్చీ లాగాడు. ఎదురుగా ఏమీ లేదు.

"బల్లేదీ?" అని కేకేశాడు.

"ఇక్కడుందండీ" అంది ఆమె పైనుంచి, గుండుసూది గుచ్చుతూ. "ఖాళీ లేదు."