లోపల ఉండిపోయిన ముక్క

అన్నం వడ్డించే ముందు నా చేతులు వాసన చూడడం మా అత్త వరహాలమ్మకి అలవాటు. కంచం అందుకునే వంకతో మణికట్టు పట్టుకుని ముక్కు దగ్గరికి లాక్కునేది. "ఇంకా గ్రీసు కంపే. కడుక్కునొచ్చి ఎయ్యి" అనేది. నేను మళ్ళీ పెరట్లోకి వెళ్ళి, కొబ్బరి పీచుకి బట్టల సబ్బు రాసి, గోళ్ళ సందులు తోముకుని వచ్చేదాన్ని. ఆ కంపు వల్లే ఇంట్లో పొయ్యి వెలుగుతోందని ఆవిడకి తెలియక కాదు. తెలుసు కాబట్టే అంత పట్టిపట్టి చూసేదేమో.

ఒడిశా తీరంలో ఉన్న మా సోనేపూర్‌లో బోటు ఇంజన్లు బాగుచేసే మనిషంటే నా మొగుడు అప్పలరాజే. రెండేళ్ళ కిందట గోపాలపూర్‌లో ఒక ఇంజను నడిపి చూస్తుంటే ప్రొపెల్లరు తగిలి అతని కుడిచేతి నరాలు తెగిపోయాయి. బరంపురంలో ఆపరేషను చేశారు గానీ వేళ్ళు ముడుచుకోవు. స్పానరు పట్టుకుంటే జారిపోతుంది. ఊళ్ళోవాళ్ళకి మాత్రం చెయ్యి బాగయిపోయిందనే చెప్పాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ పక్కన కూచుని స్పానర్లు అందించింది నేను. ఏ బోల్టు తర్వాత ఏ బోల్టు విప్పుతాడో నా చేతికి ముందే తెలిసేది. ఆసుపత్రి నుంచి వచ్చాక వచ్చిన మొదటి ఇంజను అతను చెబుతుంటే నేను విప్పాను. కొన్నాళ్ళకి చెప్పడం మానేసి, బీడీ వెలిగించుకుని వీధి అరుగు మీద కూచోవడం మొదలుపెట్టాడు.

"పెరటి తలుపు గడియెట్టుకో" అన్నాడు. "ఆడది ముట్టిన ఇంజను ఎవులైనా బోటుకి కడతారేటి? తెలిసిందంటే ఈదిలో తలెత్తుకోనేను."

"గంగమ్మతల్లి ఊరుకోదు" అని అత్త చెంపలు వేసుకునేది. వేసుకుని, తలుపు మాత్రం తనే మూసేది.

తలుపుకి ఇవతల కూచుంటే అవతలి మాటలన్నీ వినబడేవి. "నీ సెయ్యి బంగారం రా అప్పలరాజూ, పెద్ద కంపెనీవోళ్ళు కూడా నీలాగ సెయ్యలేరు" అని ఎవరో అనేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత కోపం వచ్చేది. ఆ తర్వాత ఏమీ రావడం మానేసింది. పొద్దున్నే చేపల తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి, వచ్చి వండి, మధ్యాహ్నం ఇంజను ముందు కూచుంటే నడుం పట్టేసేది. అయినా ఇంజను విప్పుతున్నంతసేపూ నా తలలో ఇంకెవరి మాటా ఉండేది కాదు. అది నాకు ఇష్టమని కూడా ఎవరికీ చెప్పుకోలేదు. ఇష్టమని తెలిస్తే ఇంకో పేరేదో పెడతారని భయం. రాత్రి పక్కమీద అతను "ఇయ్యాల బాగా అలిసిపోనాను" అనేవాడు. నేను అతని కాళ్ళు పట్టేదాన్ని.

మా ఊళ్ళోనే ఉండే, నాకు వరసకి బావయ్యే తవిటయ్య తన బోటు ఇంజను తెచ్చింది అలాంటి ఒక మధ్యాహ్నమే. వేడెక్కిపోయి మధ్యలో ఆగిపోతోందన్నాడు. ఇంజను కింది భాగంలో ఒక చిన్న రబ్బరు చక్రం ఉంటుంది. ఇంపెల్లర్ అంటారు. అది తిరిగి సముద్రం నీళ్ళని పైకి తోస్తేనే ఇంజను చల్లబడుతుంది. బాహుదా నది సముద్రంలో కలిసే మొగ దగ్గర నీళ్ళలో ఇసుక ఎక్కువ, రెక్కలు తొందరగా తినేస్తుంది. కింది భాగం విప్పి, పంపు మూత తీసి చూశాను. పాత చక్రానికి ఒక రెక్క మొదలంటా లేదు. కొత్తది సబ్బునీళ్ళతో తడిపి, తిరిగే వైపుకి రెక్కలు వంచి కూచోబెట్టాను. కానీ తెగిన ఆ రెక్క పంపులో దొరకలేదు. పంపులో లేదంటే నీళ్ళతో పాటు పై గొట్టంలోకి పోయినట్టే. నీళ్ళ డ్రమ్ములో పెట్టి స్టార్ట్ చేస్తే పక్కనుంచి రావలసిన నీటిధార సన్నగా, తెగితెగి వచ్చింది.

మొగుణ్ణి లోపలికి పిలిచాను. "ముక్క పైన ఉండిపోనాది. హెడ్డు ఇప్పాల. రేప్పొద్దుటికి ఇద్దుం."

"నీళ్ళొస్తన్నాయి గదా!"

"అవి సాలవు."

"నువ్వు నాకు సెప్తావేటి? ఆడు సందేలకి బోటు తియ్యాలని అక్కడ నిలబడున్నాడు."

ఒంటిచేత్తో, నడుంతో తోసుకుంటూ అతను ఇంజనుని వీధిలోకి తీసుకుపోయాడు. నేను ఆగలేకపోయాను. గడియ తీసి, గ్రీసు చేతులతోనే అరుగు మీదికి వచ్చాను. తవిటయ్య బావ, అతని తమ్ముడు శ్యామ్, ఇంజనుని కావిడికి కడుతున్నారు.

"బావా, ఇయ్యాల ఎల్లకు. రబ్బరు ముక్క లోపలుంది. మళ్ళా ఆగిపోతాది."

తవిటయ్య బావ నా మొహం చూసి, నా మొగుడి మొహం చూసి పెద్దగా నవ్వాడు. "ఒరే అప్పలరాజూ, నీ ఇంటిది కూడా మెకానిక్కయిపోనాది రా!" నా మొగుడూ నవ్వాడు. శ్యామ్ ఒక్కడే నా చేతులకేసి చూశాడు. లోపలికి వచ్చాక నా మొగుడు ఎడంచేత్తో కొట్టాడు. ఆ చెయ్యి బాగానే పనిచేస్తుంది.

మర్నాడు తిరిగొస్తూ, బాహుదా మొగ దగ్గర అల విరిగే చోట ఇంజను ఆగిపోయింది. బోటు అడ్డం తిరిగి బోల్తాపడింది. శ్యామ్ ఈదుకుని వచ్చాడు. తవిటయ్య బావ తలకి బోటు అంచు తగిలింది. అతని శవాన్ని ఇసుక మీద పడుకోబెట్టినప్పుడు ఊరంతా అక్కడే ఉంది. పోలీసు వచ్చి, ఇంజను బాగుచేసింది ఎవరని ఒడియాలో అడిగాడు.

అందరూ నా మొగుడి వైపు చూశారు. అతను తన కుడిచెయ్యి ఎత్తి, ముడుచుకోని వేళ్ళు పోలీసుకి చూపించాడు.

"మో స్త్రీ కొరిఛి" అన్నాడు. నా భార్య చేసిందని.

రెండేళ్ళలో ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి. తెలుగులో అనడానికి నోరు రాలేదేమో. కానీ మా ఊళ్ళో ఒడియా రానివాళ్ళు ఎవరు?

"ఆడది ముట్టిందా?" అన్నాడు ఊరిపెద్ద కూర్మారావు. అంతే, ఇంక ఎవరికీ ఇంజను గురించి అక్కర్లేకపోయింది. "నేను వద్దన్నాను. ముక్క లోపలుందని సెప్పినాను. శ్యామ్‌ని అడగండి" అని అరిచాను. శ్యామ్ తడిబట్టలతో అన్న కాళ్ళ దగ్గర కూచున్నాడు. తల ఎత్తలేదు. తవిటయ్య బావ పెళ్ళాం శాంతి లేచి వచ్చి నా జుట్టు పట్టుకుంది. "నీ సెయ్యి పడిపోను! నా కొంప ముంచీసినావే!" అని మొహం మీద ఇసుక కొట్టింది. నేను కదల్లేదు. పోలీసు ప్రమాదమని రాసుకుని వెళ్ళిపోయాడు. ఊరు మాత్రం వేరే రాసుకుంది. తీరం మీద చేపల వేలంపాటకి నేను వెళ్తే ఆడవాళ్ళు తట్టలు ఎత్తుకుని దూరం జరిగేవారు. అత్త నా చేతి అన్నం తినడం మానేసి తనే వండుకుంది. నా మొగుడు మాత్రం, పాపం, అందరూ జాలిపడే మనిషయ్యాడు.

పెద్దకార్యం అయిన కొన్నాళ్ళకి అతను పెరటి వైపు నుంచి ఒక ఇంజను తెచ్చి నా ముందు దించాడు. "పంపు పోయింది. తలుపేసుకుని సేసీ. నా సెయ్యి బాగయిపోనాది, ఇకనుంచి నేనే సేస్తన్నానని అందరికీ సెప్పీసినాను."

నేను ఆ ఇంజనుకేసి చూశాను. నా తప్పేమీ లేదని నాకు తెలుసు. కానీ ఆ తెలియడం నా ఒక్కదానిదే అయిపోయి, లోపల కుళ్ళిపోతోంది. ఇంకొక్క మనిషికైనా తెలియాలనిపించింది. "ఆ ఇంజను ఎవులిదో ఆళ్ళకే ఇచ్చీ. నేను ముట్టను. నీ సెయ్యి ఇంకా పనిసెయ్యదని కూడా ఆళ్ళకి సెప్తాను" అని బయటికి నడిచాను. అతను వెనకనుంచి ఏదో అరుస్తున్నాడు. నేను చెప్పులు కూడా వేసుకోలేదు.

శాంతి చూరు కింద ఒక్కతే కూచుని రొయ్యలు ఒలుస్తోంది. నన్ను చూసి లేవలేదు, పొమ్మనలేదు.

"అప్పా, నువ్వు నమ్మినా నమ్మకపోయినా సరే. ఆ రోజు నేను బావని ఎల్లొద్దన్నాను."

"తెల్సు" అంది.

"ఎలాగ తెల్సు?" అన్నాను.

"ఇంటికొచ్చి అన్నం తింతా సెప్పినాడు. అప్పలరాజు పెళ్ళాం నాకు ఇంజను పాఠం సెప్పినాదని. ఆడూ నవ్వినాడు, నేనూ నవ్వినాను."

"మరి తెల్సుండి, అందరి ముందూ నన్నెందుకప్పా..."

శాంతి చేతిలోని రొయ్య తల తుంచి పడేసింది.

"మాటని నీ మీదికి తిప్పీసిన కూర్మారావుని తిట్టనిస్తారా? నీ మొగుణ్ణి తిట్టనిస్తారా? సచ్చిపోయినోణ్ణి తిట్టనిస్తారా?" అంది. "నిన్ను తిడితే ఎవులూ అడ్డం రాలేదు గదే. అందికే తిట్టినాను."