మా చేతులకొచ్చిన పేరు

బట్టల ఫ్యాక్టరీలో పనిచేసే అమ్మాయి ఒకతె కుట్టుమిషన్ తలకాయను చంకన పెట్టుకుని రిపేర్ల సందులోకి వచ్చింది. మిషనక్క దుకాణం ముందు ఆగి నోరు వెళ్లబెట్టింది.

"అక్కా! నువ్వు దుకాణం ఎత్తేశావంట కదా!"

"ఎవరే చెప్పింది? చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది, మొహం నిండా నూనె ఉంది. ఎత్తేసినదానిలా ఉన్నానా?"

అమ్మాయి తన ఫోన్ తెరిచి చూపించింది. అక్క దుకాణం పేరు కింద ఎర్రటి అక్షరాలు: శాశ్వతంగా మూసివేశారు. దాని కిందే పెద్ద రోడ్డు మీద కూలికి మెకానిక్కులను పెట్టి అన్ని రిపేర్లూ చేయించే సర్వీస్ కాంట్రాక్టర్ షెడ్డు. ఆ షెడ్డు పేరు కింద, నాలుగేళ్లుగా జనం మిషనక్క గురించి రాసిన మాటలన్నీ వరసగా ఉన్నాయి. 'మూలపడిన మా అమ్మ మిషన్‌ను బతికించింది.' 'పాడవని భాగం మార్చదు, మార్చమంటే తిడుతుంది.' ఫొటోలో ఉన్న చేతులూ ఆమెవే. ఎడమ బొటనవేలికి సూది దిగిన మచ్చ కూడా స్పష్టంగా కనిపిస్తోంది.

అక్క ఫోన్ లాక్కుని మళ్లీ చూసింది. తన చేతులు ఇంకొకడి గోడకు వేలాడుతున్నాయి.

మధ్యాహ్నానికల్లా సందంతా గగ్గోలెత్తింది. గడియారాల మామ, గొడుగుల వదిన, తాళాల తాత, ఫ్యాన్లు చుట్టేవాళ్లు, బ్యాగుల జిప్పులేసేవాళ్లు, మొత్తం పదిహేడు దుకాణాలూ మూతపడ్డట్టే ఫోన్లు చెబుతున్నాయి. పదిహేడు దుకాణాల మంచిమాటలూ ఆ షెడ్డు ఖాతాలోకే చేరాయి. చెమటను దోచుకునేవాళ్లను మనం ఎప్పటినుంచో చూస్తున్నాం. చెమటకు జనం పెట్టిన పేరును కూడా ఊడబెరుక్కుపోవచ్చని వీళ్లు కొత్తగా కనిపెట్టారు.

ఇది ఎలా జరిగిందో చెప్పాలంటే ఆ సందు అలవాటు ఒకటి చెప్పాలి. అక్కడ ప్రతి దుకాణానికీ రెండో తాళంచెవి తాళాల తాత దగ్గర ఒకే కొక్కేనికి వేలాడుతుంది. ఎవరికి అవసరమైతే వాళ్లు తీసుకుంటారు, మళ్లీ తగిలిస్తారు. ఇన్నేళ్లలో ఒక్క మర కూడా పోలేదు. అందుకే నాలుగేళ్ల కిందట మిషనక్క తమ్ముడు వచ్చి, "ఇప్పుడు జనం వీధుల్లో వెతకరు, ఫోన్లో వెతుకుతారు. మిమ్మల్ని అందులో కనిపించేలా చేస్తా. పేజీలన్నీ నా నంబరు మీద పెడదాం, మీకు తలనొప్పి ఉండదు" అన్నప్పుడు ఎవరూ రెండోసారి ఆలోచించలేదు. కొక్కేనికి తాళంచెవి తగిలించినట్టు తమ పేర్లన్నీ వాడి నంబరుకు తగిలించేశారు. పేజీ మూయాలన్నా, అందులోని మాటలను ఇంకో పేజీలో కలపాలన్నా ఆ ఒక్క నంబరే చాలని ఎవరికీ తట్టలేదు. సందులోని రిపేర్లవాళ్ల సంఘం చప్పట్లు కొట్టి మరీ తీర్మానం చేసింది.

తమ్ముడు పని బాగానే చేశాడు, అబద్ధమెందుకు? వీడియోలు తీశాడు, బాగుచేయించుకున్నవాళ్లను బతిమాలి నాలుగు మాటలు రాయించాడు. ఊరి ఆ చివరనుంచి కూడా జనం రావడం మొదలైంది. తల్లి పోయాక వాణ్ని చంకనేసుకుని పెంచిన అక్కకు ఆ రోజుల్లో నేల మీద కాళ్లు ఆనలేదు.

సాయంత్రం సంఘం మీటింగు. గొడుగుల వదిన లేచీ లేవగానే అడిగేసింది.

"మీ తమ్ముడేడీ? మూడు రోజులుగా ఫోనెత్తడం లేదు."

"వాణ్ని అనకు వదినా. వాడి ఫోన్ ఎవరో కొట్టేసుంటారు" అంది అక్క. అంటూనే తలుపు వైపు చూసింది.

అంతలో వాడే వచ్చాడు. ఒంటి మీద కాంట్రాక్టర్ షెడ్డు చొక్కా, చేతిలో కాగితాల కట్ట.

"గొడవ పడకండి. అందరికీ షెడ్డులో పని ఖాయం చేశా. శనివారం లోపు సంతకాలు పెట్టేయండి. ఎండా వానా లేకుండా కూర్చుని పని చేసుకోవచ్చు. అక్కా, నిన్ను సూపర్‌వైజర్ని చేయమన్నా."

"సంతకం పెట్టకపోతే?" అన్నాడు గడియారాల మామ.

"కనిపించరు మామా. కనిపించని దుకాణానికి ఎవరొస్తారు?"

సందు గొంతు ఎక్కడ నొక్కాలో వాడికి తెలుసు. ఇన్నాళ్లూ వాళ్ల మధ్యే తిరిగాడు కదా.

"మా పేర్లు అమ్మడానికి నువ్వెవడివిరా?" తాత ఊగిపోయాడు.

"మీ పేర్లా? నేను రాకముందు మీ పేరు పక్కవీధికైనా తెలుసా? నాలుగేళ్లు ఫోన్ పట్టుకుని మీ చుట్టూ తిరిగా. అదీ ఒక పనే అని ఒక్కరన్నా అనుకున్నారా? 'అక్క తమ్ముడు ఊరికే ఉన్నాడుగా, తీస్తాడులే' అన్నారు!"

అందులో నిజం లేకపోలేదు.

అక్క లేచింది. "తప్పే. నీ పనిని పని అనకపోవడం మా తప్పు. ఆ మాట నువ్వు ఇదే మీటింగులో నిలదీసి అడగాల్సింది. ఆ కాంట్రాక్టర్ దగ్గరికి వెళ్లి మమ్మల్ని తూకానికి పెడతావా? వీడియో తీసింది నువ్వే, ఒప్పుకుంటా. అందులో పని చేసిందెవర్రా?"

తమ్ముడు కాగితాలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. అక్క కూలబడి, అందరి ముందూ వెక్కివెక్కి ఏడ్చింది. పరాయివాడు కొడితే తిరిగి కొట్టొచ్చు. వీణ్ని ఏం చేయాలో ఆమెకు తెలియలేదు.

మర్నాడు పదిహేడు మందీ ఆ పేజీలు నడిపే కంపెనీ ఆఫీసుకు వెళ్లారు. అద్దాల తలుపు దగ్గర కాపలావాడు తప్ప మనిషన్నవాడు దొరకలేదు.

"ఫిర్యాదులు ఫోన్లోనే పెట్టాలి" అన్నాడు కాపలావాడు.

పెట్టారు. అసలు యజమాని మీరేనని రుజువు చేయడానికి పేజీ నంబరుకు పంపిన కోడ్ చెప్పమంది ఆ కంపెనీ. ఆ కోడ్ తమ్ముడి నంబరుకు వెళ్లింది. తిట్టుకోవడానికి కూడా ఎదుట మనిషి లేడు.

ఆ రాత్రికి సందులో సగం మంది చేతులెత్తేశారు. "సంతకం పెట్టేద్దాం, పిల్లలున్నారు" అన్నాడు ఫ్యాన్లు చుట్టే అతను. అతన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

శుక్రవారం పొద్దున తన మిషన్ కోసం వచ్చిన ఫ్యాక్టరీ అమ్మాయి ఈ సంగతి విని నడుం మీద చెయ్యి పెట్టుకుంది.

"ఆ మాటలు రాసింది ఎవరక్కా? మేమేగా! మీ తమ్ముడూ కాదు, కాంట్రాక్టరూ కాదు. మా ఫోన్లోంచి, మా పేరుతో రాశాం. మేం రాసింది మేం తీసేస్తే అడ్డమెవడు?"

తాళాల తాత పకపకా నవ్వాడు. "నా బతుకంతా తాళాలు తీశా. ఈ తాళం తీయడం నాకు తట్టలేదే!"

కబురు నోటినోటా పాకింది. శనివారం షెడ్డు ముందుకు రమ్మని ఫ్యాక్టరీ అమ్మాయి షిఫ్టు మారేటప్పుడు గేటు దగ్గర చెప్పింది. జిప్పులేయించుకున్న కాలేజీ పిల్లలు హాస్టల్లో చెప్పారు. ఈసారి దుకాణాలవాళ్లు ఎవరి పేజీ వాళ్ల నంబరు మీదే కొత్తగా తెరిచారు. కళ్లు సరిగా ఆనని తాళాల తాతకు కూడా ఆ విద్యార్థులు కూర్చుని నేర్పారు.

శనివారం పట్టపగలు, షెడ్డు ఎదురుగా పేవ్‌మెంట్ మీద పదిహేడు మందీ తమ పనిముట్లు పరుచుకుని కూర్చున్నారు. మిషనక్క ఫ్యాక్టరీ అమ్మాయి మిషన్ విప్పి పని మొదలుపెట్టింది. చుట్టూ వందల మంది. ఒక్కొక్కరూ ముందుకొచ్చి, తాము రాసిన మాటను గట్టిగా చదివి, షెడ్డు పేరు కింద దాన్ని తుడిచేసి, అసలు మనిషి పేరు కింద మళ్లీ రాస్తున్నారు. రాసిన ప్రతిసారీ జనం ఈలలు వేస్తున్నారు. షెడ్డు లోపల కాంట్రాక్టర్ ఫోన్ చూసుకుంటూ చిందులు తొక్కుతున్నాడు.

పోలీసు వ్యాను వచ్చింది.

"దారికడ్డం, వ్యాపారానికి నష్టం. ఇక్కడ లీడరెవరు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"లీడరెవరూ లేరు. రిపేర్లు చేసుకుంటున్నాం" అంది గొడుగుల వదిన.

ఇన్‌స్పెక్టర్ షెడ్డు మెట్ల వైపు చూశాడు. మెట్ల మీద తమ్ముడున్నాడు. వాడు నోరు తెరవకపోయినా సరిపోయేది. కానీ చెయ్యెత్తి చూపించాడు.

"ఆవిడే సార్."

అక్క తల పైకెత్తి వాణ్నే చూసింది. ఈ చేతిని పట్టుకునే తను వాడికి నడక నేర్పింది. నూనె చేతులు చీరకు తుడుచుకుని లేచింది.

"లాగకండి. వస్తున్నా. వాడికి చెప్పండి, ఇంటికి రావొద్దని."

వ్యాను తలుపు పడింది. జాలీలోంచి చూస్తే సగం విప్పిన మిషన్ పేవ్‌మెంట్ మీద అలాగే ఉంది. మరలు గుడ్డ మీద చెల్లాచెదురుగా ఉన్నాయి. జనం వెనక్కి తగ్గుతున్నారు. అయిపోయిందా అనుకుంది అక్క. ఆ క్షణంలో ఆమె నిజంగానే భయపడింది.

షెడ్డు తలుపు తెరుచుకుంది. లోపల రోజంతా పనిచేసే కూలి మెకానిక్కులు పదకొండు మంది మెట్లు దిగారు. ఆ షెడ్డు గోడ మీద వాళ్ల ఫొటో ఎన్నడూ లేదు. వాళ్ల పేరు ఎవరూ ఎక్కడా రాయలేదు. తమ్ముడు ఆపబోతే, పక్కకు నెట్టి వచ్చారు. ముందున్న నడివయసు మెకానిక్కు తన ఒంటి మీది షెడ్డు చొక్కా విప్పి మెట్ల మీద పడేశాడు. బనియన్‌తో వచ్చి అక్క పీట మీద కూర్చుని, మరలు దగ్గరకు చేర్చుకుని, చుట్టూ చూశాడు.

"అక్క ఎంతవరకు చేసింది? ఎవరైనా చెప్పండి, మిగతాది నేను బిగిస్తా."