నా పేరున ఉన్న సగం మిల్లు

“రేపట్నుంచి నువ్వు ఓనరువి,” అన్నాడు మా ఆయన అంకమ్మరావు, నెయ్యి వెయ్యమన్నట్టు ఇడ్లీ పళ్ళెం నా వైపు జరుపుతూ. నెయ్యి వేశాను. దేనికని అడగలేదు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో అడగడం ఎక్కడ ఆగిపోయిందో నాకూ గుర్తు లేదు.

గుంటూరు శివార్లలో మాకో కారం మిల్లు ఉంది. రెండువేల ఏడులో దాన్ని పెంచాలని ఆయన సరదా. ఆ సాయంత్రం ఆడిటరు సీతారామాంజనేయులు గారు మా హాల్లో కూర్చుని విడమరిచి చెప్పారు. “కొత్త చట్టం ప్రకారం మిషన్ల విలువ పాతిక లక్షల లోపుంటే సూక్ష్మ పరిశ్రమ, దాటితే చిన్న పరిశ్రమ. కొత్త మిషను దించితే మీరు దాటిపోతారు, సూక్ష్మానికిచ్చే రాయితీలు పోతాయి. అదే అమ్మగారి పేరున వేరే యూనిట్ అనుకోండి, రెండూ సూక్ష్మమే. పైగా ఆడవాళ్ళ యూనిట్టని సబ్సిడీ కూడా ఎక్కువొస్తుంది.” స్థలం, షెడ్డు లెక్కలోకి రావన్నారు. ప్రమాదాలు జరక్కుండా బిగించే సామాను కూడా రాదన్నారు. మనుషుల గురించి ఆయన చెప్పలేదు, మా ఆయన అడగలేదు. నేను కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. లోపల మా అత్త బసవమ్మ, “ఆడదాన్ని ఓనర్ని చేస్తే ఇక మన మాట వింటదా,” అని గొణుక్కుంటోంది.

షెడ్డు మధ్యలో గోడ లేచింది. అటు సగం ఆయనది, ఇటు సగం ‘సాయిలక్ష్మి స్పైసెస్’. ఏమే, ఇదిగో అని తప్ప నన్ను పిలవని మనిషి నా పేరు అంత పెద్ద అక్షరాలతో రాయించాడు. పెళ్ళామంటే ఎంత ప్రేమోనని పెయింటరు మురిసిపోయాడు. నాకు సంతోషమూ లేదు, కోపమూ లేదు. తెల్లారి లేచి వంట, అత్తకి స్నానం, ఎండబోసిన మిరపకాయ తిరగెయ్యడం, తొడిమలు తీసే ఆడవాళ్ళ దగ్గర కూర్చోవడం, లారీ డ్రైవర్లకి భోజనం. ఇదివరకూ అదే, ఇప్పుడూ అదే. తనిఖీకి వచ్చిన ఆఫీసరు, “ఎలా ఉందమ్మా వ్యాపారం?” అంటే నేను నోరు తెరిచేలోగా, “బ్రహ్మాండంగా ఉందండీ,” అన్నాడు మా ఆయన. ఆఫీసరు నా వైపు మళ్ళీ చూడలేదు.

ఒక్కటి మాత్రం అడిగాను. కొత్త మిషను బెల్టుకి అడ్డంగా ఏమీ లేదు. ఒకరోజు నా కొంగు లాక్కుంది. మిషను నడిపే పీరు గబుక్కున స్విచ్చి ఆపాడు కాబట్టి చీర చిరగడంతో సరిపోయింది. బెల్టుకి ఇనప జాలీ బిగించమన్నాను. “కొంగు దోపుకోవడం చేతగాక మిషన్ని అంటావేంటే? లెక్కలోకి రానిదానికి డబ్బు తగలెయ్యమంటావా?” అని నవ్వాడు. పీరు తల దించుకున్నాడు. చిరిగిన చీర ఇంటికి తీసుకెళ్ళి గుమ్మం తుడిచే గుడ్డ చేశాను.

ఎండాకాలం మొదట్లో, కాయ బాగా దిగుతున్న రోజుల్లో, మిషన్లో కాయ పోసేవాడు రాలేదు. తొడిమలు తీసే కోటిరత్నాన్ని లేపి అక్కడ నిలబెట్టాడు మా ఆయన. ఆమె ఆరేళ్ళుగా మా దగ్గర పని చేస్తోంది. ఆ పనెప్పుడూ చెయ్యలేదని ఆమె అంటే, “పొయ్యడమేగా, దానికో చదువా,” అన్నాడు. నేను బయట కాయ తిరగేస్తున్నాను. కేక వినపడింది. వెళ్ళేసరికి పీరు ఆమెను పట్టుకుని కూర్చున్నాడు. కుడి చెయ్యి బెల్టులో పడి మణికట్టు దాకా నుజ్జయిపోయింది. రక్తమేదో కారమేదో తెలియలేదు. నేను ఏడవలేదు. నా తలగుడ్డ విప్పి ఆ చేతికి చుట్టి, ఆటోలో ఆమె తల ఒళ్ళో పెట్టుకుని ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

ఆపరేషను జరుగుతుండగా మా ఆయన వచ్చాడు. వరండాలో ఓ మూలకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. ఆయన నాతో అంత మెల్లగా మాట్లాడటం చాలా ఏళ్ళ తర్వాత.

“కానిస్టేబులొస్తాడు. ఆమె మన దగ్గర పనిచేసే మనిషి కాదని చెప్పు. కారం కొనుక్కోడానికొచ్చి ఊరికే మిషన్లో చెయ్యి పెట్టిందని చెప్పు.”

“ఆరేళ్ళుగా చేస్తోంది కదండీ.”

“యూనిట్ నీ పేరున ఉందే. కేసు నీమీదే పడుద్ది. నీకోసమే చెప్తున్నా, అర్థం కాదేం?”

అప్పుడు అర్థమైంది. లాభమొస్తే ఆయన మిల్లు, మనిషి చెయ్యి పోతే నా మిల్లు. ఇంత తేలిక సంగతి తెలియడానికి కోటిరత్నం చెయ్యి పోవలసి వచ్చింది. అయినా నాలో ఏదీ భగ్గుమనలేదు. అత్తకి మాత్రలిచ్చే టైమయిందని గుర్తొచ్చింది. ఇవాళ ఆయనే ఇచ్చుకుంటాడులే అనుకున్నాను.

కానిస్టేబులు ప్రేమదాసు వచ్చి ఓనరెవరని అడిగాడు.

“ఆవిడేనండీ. పాపం ఆవిడకేం తెలియదు, నేను చెప్తా,” అని మా ఆయన ముందుకొచ్చాడు.

“నాకు తెలుసండీ,” అన్నాను. “ఆమె మా మనిషే. బెల్టుకి జాలీ లేదు. ఈయన్ని అడిగాను, పెట్టించలేదు. ఓనర్ని నేనే కాబట్టి అడిగి ఊరుకోవడం నా తప్పు. రాసుకోండి.”

“ఇట్టా రాస్తే మీ మీద కేసవుద్దమ్మా,” అన్నాడు ప్రేమదాసు.

“రాయండి.”

ప్రేమదాసు రాసిందాని కింద సంతకం చేశాను. మా ఆయన నన్ను ఎవరో కొత్తమనిషిని చూసినట్టు చూసి, ఆడిటరుకి ఫోన్ చేసుకుంటూ మెట్లు దిగిపోయాడు.

చీకటి పడ్డాక కోటిరత్నానికి మెలకువ వచ్చింది. కట్టు కేసి చూసింది. ఏడ్చింది. చాలాసేపటికి, “అమ్మా, ఒక చేత్తోనైనా తొడిమలు తీస్తా. నన్ను పన్లో ఉండనిస్తారా?” అంది.

“ఉంటావు,” అన్నాను. “జాలీ బిగిస్తాం. నువ్వొచ్చి చూడు. నువ్వు సరేనన్నాకే నా మిల్లులో స్విచ్చి వేస్తాం.”