రెండు రాగి బ్లాకులు

చిక్కడపల్లిలోని ఆ మేడమీది రేకుల గది మే నెల ఎండకు కాగిపోతోంది. మూత తీసిన కంప్యూటర్ పక్కన బకెట్టు నిండా నీళ్లు, అందులో కొత్త కూలర్ మోటారు, దాన్నుంచి రెండు గొట్టాలు. వాటి మధ్య అనుదీప్ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"కూలర్‌కు మోటారు తెమ్మంటే కంప్యూటర్‌కు తెచ్చిండు," అంది తల్లి భూదేవమ్మ, పేపరుతో విసురుకుంటూ.

"దానికి నోరు లేదు గదమ్మా!"

"నోరుండి నేనేం చేసిన?"

రచన నవ్వు ఆపుకుంది. భర్త పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాడు. పెళ్లి సినిమా మొత్తం తయారయ్యేలోపే ఈ కంప్యూటర్ వేడెక్కి ఆగిపోతోంది. ఇది ఇంట్లో నడవకపోతే అతను ఎప్పట్లా అంబర్‌పేట స్టూడియోకే పోవాలి, ఆమె నిద్రపోయాక ఇల్లు చేరాలి. ఆ బతుకు ఇక చాలనిపించింది ఆమెకు.

ప్రాసెసర్ మీద బిగించి లోపల నీళ్లు పారించే రాగి బ్లాకులు రెండు ప్రహ్లాద్ అనే స్నేహితుడు ఇచ్చాడు. సాయంత్రానికల్లా ఒకటి వెనక్కివ్వాలి. ఒకదాని లోపల దువ్వెన పళ్లలా సన్నటి గాడులు, రెండోదాంట్లో వెడల్పు గాడులు.

"సన్నదే," తేల్చేశాడు అనుదీప్. "ప్రాసెసర్ యాభై ఎనిమిది డిగ్రీలే. వెడల్పుది అరవై ఏడు."

"సన్నది ఎప్పుడు పెట్టిండ్రు?"

"పొద్దున, చాయ్ తాగంగనే."

"వెడల్పుది?"

"ఇప్పుడే."

"పొద్దున గది చల్లగుండె. ఇప్పుడు రేకు కాలుతున్నది. రెండు ఒక్కతీర్గ ఎట్లయితయి?"

అతను బుర్ర గోక్కున్నాడు. "బీఎస్సీ చేసినవని మర్చిపోయిన."

"నేను చేసింది బీఏ. పెండ్లయి ఏడేండ్లయింది."

మళ్లీ మొదలుపెట్టారు. రెండిటికీ ఒకే వీడియో ముక్క, ప్రాసెసర్‌కూ బ్లాకుకూ మధ్య కందిగింజంత పేస్టు, కొత్తగా పట్టిన నీళ్లు. గోడకు థర్మామీటరు వేలాడదీసింది రచన. ఈసారి తేడా మూడు డిగ్రీలే, అయినా సన్నదే చల్లగా ఉంది. అతను గెలిచినట్టు చూశాడు.

ఆమె నీళ్లు తిరిగొచ్చే గొట్టాన్ని చెంబులో పెట్టించింది. సన్న గాడుల్లోంచి నీళ్లు బద్ధకంగా వచ్చాయి. చెంబు నిండేలోపు పొయ్యిమీది పాలు చూసొచ్చింది. వెడల్పుది గబగబా నింపేసింది.

"ఈ నీళ్లే గద వీడియో కార్డుకు గూడ పోయేది? దాని వేడి చూసిండ్రా?"

చూడలేదు. ఇప్పుడు చూస్తే, సన్నది పెట్టినప్పుడు నీళ్లు చాలక, తెరమీది బొమ్మలు తయారుచేసే ఆ కార్డు తొంభై దాటింది. వెడల్పుది పెడితే డెబ్బై దగ్గరే ఉంది.

"ఒకదాన్ని చల్లార్చబోయి ఇంకోదాన్ని కాల్చుతున్న," అన్నాడు మెల్లగా.

వెడల్పు బ్లాకు బిగించి సినిమా మొదలుపెట్టాడు. జీలకర్ర బెల్లం అయింది, తలంబ్రాలు అయ్యాయి. ఎప్పుడూ కంప్యూటర్ ఆగిపోయే అప్పగింతల దగ్గర ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. పెళ్లికూతురు కారెక్కింది. సినిమా పూర్తయింది, కంప్యూటర్ ఆగలేదు.

అనుదీప్ వెంటనే స్టూడియో యజమానికి ఫోన్ చేశాడు. "ఇంద్రసేనన్నా, రేపట్నించి రాను. ఇంట్లనే చేసుకుంట."

రచన గుమ్మం దగ్గర నిలబడి, చాలా రోజులుగా అడగని మాట అడిగింది. "రాత్రికి ఏం వండమంటరు?"

అతను నోరు తెరిచేలోపే, "పచ్చిపులుసు," అంది భూదేవమ్మ.